ముట్లుడిగే వయసులో ఈస్ట్రోజన్ మందు: తెలిసి వాడదాం

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో వైద్య బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏటా ఈ సభలో మా వైద్య బృందం కళ్ళజోళ్ళు ఎన్ని ఇచ్చామో, షుగరు, బీపీ పరీక్షలు ఎందరికి చేశామో లెక్క చెప్పి కూర్చుంటుంది. ఈసారి ఆ లెక్కలు నివేదికలో అచ్చయ్యాయి కాబట్టి, వాటి బదులు ఈ సభలో ఇంతవరకూ ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఎత్తుతున్నాం. ఆడవాళ్ళకు నెలసరి ఆగిపోయే వయసులో వచ్చే బాధలు, వాటికి వాడే ఈస్ట్రోజన్ అనే హార్మోను మందు. పెద్దమనుషుల ముందు ఈ మాట ఎత్తడానికి మొదట మేమూ తటపటాయించాం. కానీ శిబిరాల్లో మేము చూస్తున్నదాన్ని బట్టి, ఈ విషయంలో సిగ్గు వల్ల జరుగుతున్న నష్టం జబ్బు వల్ల జరిగే నష్టం కన్నా తక్కువేమీ కాదు.

నిరుడు గోదావరి లంకల వైపు పెట్టిన శిబిరానికి ఒక వదినా మరదళ్ళిద్దరు వచ్చారు. వదినకు 44 ఏళ్ళు. 36వ ఏట గర్భసంచి, రెండు అండాశయాలు తీసేశారు. ఆ తరువాత ఒళ్ళంతా ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర లేకపోవడం. పట్నంలో ఒక డాక్టరమ్మ పరీక్షలు చేసి రోజుకొక ఈస్ట్రోజన్ మాత్ర రాసింది. బాధలు తగ్గాయి. మరదలికి 51 ఏళ్ళు. ఆమెకు ఏ ఆపరేషనూ కాలేదు. నెలసరి దానంతట అదే ఆగి రెండేళ్ళయింది. ఆమెకూ అవే ఆవిర్లు మొదలయ్యాయి. "నాకు పనిచేసింది, నువ్వూ వేసుకో" అని వదిన మంచి మనసుతో ఒక షీటు ఇచ్చింది. ఆ తరువాత ఖాళీ షీటు చూపించి మందుల షాపులో కొనుక్కుంటూ ఆరు నెలలు వాడింది.

ఆవిర్లు తగ్గాయి. కానీ కొన్నాళ్ళకు రక్తం కనిపించింది. నెలసరి మళ్ళీ వచ్చిందనుకుంది. ఆ రోజుల్లో నమాజు మానేసింది. రమజాన్‌లో కొన్ని రోజాలు వదిలేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మూడు నెలల తరువాత, అది కూడా బీపీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు, మా నర్సు అడిగితే బయటపడింది. "ఈ వయసులో ఇదేం మాట ఆపా, కోడలు వింటే నవ్వుతుంది" అంది.

స్కానింగుకు పంపాం. గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగి ఉంది. ముక్క తీసి పరీక్ష చేయిస్తే, అల్హందులిల్లాహ్, క్యాన్సరు కాదని తేలింది. కానీ అలాగే వదిలేస్తే అటు వెళ్ళే దారి అది. మాత్ర మాన్పించి, వేరే మందు ఇప్పించారు. ఇప్పుడు బాగున్నారు.

ఇందులో మందు తప్పు లేదు. వదినకు అది సరైన మందే. మరదలికి అదే మాత్ర ప్రమాదం. ఇద్దరికీ తేడా ఒక్కటే: ఒకరికి గర్భసంచి లేదు, ఒకరికి ఉంది. ఈ రోజు మేము చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. ఈస్ట్రోజన్ మందు గురించి అడగవలసిన మొదటి ప్రశ్న "గర్భసంచి ఉందా, లేదా?" రెండో ప్రశ్న "తీసేస్తే అండాశయాలు ఉంచారా, తీశారా?" ఈ రెండింటికీ జవాబు ఆపరేషన్ కాగితంలో ఉంటుంది. ఆ కాగితం మన ఇళ్ళల్లో చాలామంది దగ్గర లేదు.

విషయం మొదటి నుంచి చెబుతాం. అండాశయాలు ఈస్ట్రోజన్‌ను తయారు చేయడం తగ్గిపోయి, వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే ముట్లుడిగినట్టు లెక్క. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్ళ దగ్గర జరుగుతుంది. ఇది జబ్బు కాదు. కొందరికి ఏ బాధా ఉండదు. కొందరికి ఉన్నట్టుండి ముఖం, మెడ, ఛాతీ భగ్గుమని, చెమటలు పట్టి, తరువాత చలి వేస్తుంది. రాత్రి నిద్ర పట్టదు. మనసు చికాకుగా ఉంటుంది. కీళ్ళ నొప్పులు, మూత్రంలో మంట, లోపలి భాగం పొడిబారి భర్తతో కలిసినప్పుడు నొప్పి వస్తాయి. రాజమండ్రి ఎండలకు ఎవరికైనా చెమట పడుతుంది కాబట్టి మే నెలలో అందరూ దీన్ని ఎండ మీదికి నెట్టేస్తారు. సంక్రాంతి చలిలో కూడా అర్ధరాత్రి లేచి ఫ్యాను వేసుకునే మనిషిని చూసి "నీకేదో గాలి సోకింది" అంటారు. తరావీహ్ నమాజులో నిలబడలేక తడిసిపోయి కూర్చుండిపోయే అమ్మల్ని మేము చూశాం. వాళ్ళ ఈమాన్‌లో లోపం లేదు. ఒంట్లో ఈస్ట్రోజన్ తగ్గింది.

ఇక మన ప్రాంతం సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015–16లో లెక్క తీసినప్పుడు, 15 నుంచి 49 ఏళ్ళ మధ్య మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 100కి 3 మంది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ మన రాష్ట్రంలోనే. ఉమ్మడి రాష్ట్రంలోనే డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి మెదక్ జిల్లా మునిపల్లి మండలంలో ఇంటింటికీ తిరిగి, అవసరం లేకుండా చిన్న వయసులోనే ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయని 2009లో బయటపెట్టారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తరువాత ఈ ఆపరేషన్ల మీద అంత గొడవ జరిగి, ప్రభుత్వం ఆంక్షలు పెట్టవలసి వచ్చింది. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు ఇస్తూ, కేంద్రం తయారు చేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

కడుపునొప్పి, తెల్లబట్ట, ఎక్కువ రక్తస్రావం అనగానే "పిల్లలు పుట్టేశారుగా, తీసేస్తే పీడ పోతుంది" అనే మాట మన ఊళ్ళల్లో ఎంత తేలికగా వినిపిస్తుందో మీకూ తెలుసు. నిజంగా అవసరమై ఈ ఆపరేషన్ ప్రాణం కాపాడినవారూ ఉన్నారు, కాదనం. కానీ గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీస్తే, ఆ మరునాటి నుంచే ఆమె ముట్లుడిగిన స్త్రీ. అండాశయాలు ఉంచినా, మామూలు కన్నా కొంత ముందుగా అవి పనిచేయడం మానేసే అవకాశం ఉంది. 32 ఏళ్ళకే ఈస్ట్రోజన్ ఆగిపోతే ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ఆమెకు ముందుగా వస్తాయి. అందుకే 45 ఏళ్ళలోపు ముట్లుడిగినవారికి, వాడకూడని కారణం ఏదీ లేకపోతే, సహజంగా ఆగే వయసు వరకు, అంటే సుమారు 50 ఏళ్ళ వరకు హార్మోను వాడమని వైద్య శాస్త్రం చెబుతోంది. మన దగ్గర జరుగుతున్నది తలకిందులు. ఈ మందు ఎక్కువ అవసరమైన చిన్న వయసు ఆపరేషన్ మనిషికి దాని సంగతే ఎవరూ చెప్పరు. పరీక్ష లేకుండా వాడకూడని మనిషి షాపులో కొనుక్కుని మింగుతుంది.

గర్భసంచి ఉన్నవారికి ఒంటరి ఈస్ట్రోజన్ ఎందుకు కూడదో చెబుతాం. ఈస్ట్రోజన్ గర్భసంచి లోపలి పొరను పెంచుతుంది. ప్రొజెస్టెరాన్ అనే రెండో హార్మోను ఆ పెరుగుదలను అదుపులో పెడుతుంది. వరి పండించే మన ప్రాంతంలో దీన్ని వేరే వివరించనక్కరలేదు. ఒక్క యూరియాయే గుమ్మరిస్తే చేను ఏపుగా పెరిగి పడిపోతుంది. అమెరికాలో 1942 నుంచి ఈస్ట్రోజన్ మాత్రలు అమ్మకంలో ఉన్నాయి. ఒంటరిగా వాడినవారిలో గర్భసంచి క్యాన్సరు పెరిగిందని 1975లో తేలింది. అప్పటి నుంచి నియమం ఒకటే: గర్భసంచి ఉంటే ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టెరాన్ తప్పనిసరి. గర్భసంచి లేకపోతే సాధారణంగా ఈస్ట్రోజన్ ఒక్కటే చాలు.

"హార్మోను వాడితే రొమ్ము క్యాన్సరు వస్తుందటగా" అని చాలామంది అడుగుతారు. ఈ భయం 2002లో మొదలైంది. అమెరికాలో 16,608 మంది మహిళల మీద జరుగుతున్న పెద్ద పరిశోధనను ఆ ఏడాది మధ్యలోనే ఆపేశారు. రెండు హార్మోన్లూ కలిపి వాడినవారిలో రొమ్ము క్యాన్సరు, గుండెపోటు, పక్షవాతం, రక్తం గడ్డలు కొంత పెరిగాయి. ఎంత? 10,000 మందిని ఏడాది పాటు చూస్తే, మందు వాడనివారిలో రొమ్ము క్యాన్సరు 30 మందికి వచ్చింది, వాడినవారిలో 38 మందికి. అంటే 10,000కి 8 మంది ఎక్కువ. అదే సమయంలో తుంటి ఎముక విరగడం తగ్గింది. ఆ పరిశోధనలో చేరిన మహిళల సగటు వయసు 63 ఏళ్ళు అన్నది కూడా గుర్తు పెట్టుకోవాలి. గర్భసంచి తీసేసిన 10,739 మందికి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన రెండో భాగాన్ని 2004లో ఆపారు. అక్కడ పక్షవాతం కొంత పెరిగింది గాని, రొమ్ము క్యాన్సరు పెరగలేదు.

ఈ లెక్కలన్నీ మళ్ళీ మళ్ళీ పరిశీలించాక వైద్యులు వచ్చిన అభిప్రాయం ఇది. 60 ఏళ్ళలోపు, లేదా ముట్లుడిగిన 10 ఏళ్ళలోపు, బాధలు ఎక్కువగా ఉండి, వాడకూడని కారణాలు లేనివారికి ఈ మందు వల్ల నష్టం కన్నా మేలు ఎక్కువ. అంతకు మించిన వయసులో కొత్తగా మొదలుపెట్టడం మంచిది కాదు. యవ్వనం నిలుస్తుందనో, గుండెకు మంచిదనో టానిక్కులా వాడే మందు కాదిది.

ఎవరు వాడకూడదో చెబుతాం, ఇంటికి వెళ్ళాక అందరితో చెప్పండి. రొమ్ము క్యాన్సరు లేదా గర్భసంచి క్యాన్సరు వచ్చినవారు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారు, కాలి నరాల్లో లేదా ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టినవారు, గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు, కాలేయం బాగా దెబ్బతిన్నవారు. బీపీ, షుగరు ఉన్నవారు ముందు వాటిని అదుపులోకి తెచ్చుకుని, డాక్టరుతో మాట్లాడాలి. తల్లికి, అక్కచెల్లెళ్ళకు రొమ్ము క్యాన్సరు వచ్చి ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పాలి. మొదలుపెట్టే ముందు బీపీ, బరువు, షుగరు, కొవ్వు పరీక్ష, రొమ్ము పరీక్ష, వయసును బట్టి మామోగ్రామ్ చేయించాలి. మందు మొదలుపెట్టిన మూడు నెలలకు ఒకసారి, ఆ తరువాత ఏడాదికి ఒకసారి డాక్టరుకు చూపించాలి. పనిచేసే మోతాదుల్లో తక్కువది వాడాలి. ఇంకా అవసరమా అని ప్రతి ఏడాదీ అడగాలి.

మాత్రే కాదు, చర్మానికి రాసుకునే జెల్, అంటించుకునే పట్టీ కూడా ఉన్నాయి. మాత్ర కన్నా వీటితో రక్తం గడ్డకట్టే ప్రమాదం తక్కువ. లావుగా ఉన్నవారికి, బీపీ ఉన్నవారికి డాక్టర్లు వీటినే మేలంటారు. లోపలి భాగం పొడిబారడం, మూత్రంలో మంట మాత్రమే ఉంటే ఒళ్ళంతటికీ మందు అక్కరలేదు. ఆ చోటనే కొద్దిగా రాసుకునే ఈస్ట్రోజన్ క్రీము చాలు. అది రక్తంలోకి చాలా తక్కువగా వెళుతుంది. కొందరికి హార్మోను లేని మందులతోనే ఆవిర్లు తగ్గుతాయి. టీ తగ్గించడం, బరువు తగ్గడం, రోజూ నడక, కొంత ఎండ, ముల్లుతో తినే చిన్న చేపలు, రాగులు, పాలు ఎముకలకు అందరికీ మంచివే.

పొరబడే విషయాలు రెండున్నాయి. హజ్, ఉమ్రాకు వెళ్ళేటప్పుడు నెలసరి వాయిదాకు వాడే మాత్రలు వేరు, ఇవి వేరు. గర్భనిరోధక మాత్రలూ వేరే. ఒకదాని బదులు ఇంకొకటి వాడకూడదు. ఈ హార్మోను వాడుతూ హజ్‌కు వెళ్ళే అమ్మలు ప్రయాణానికి ముందే డాక్టరుతో మాట్లాడాలి. విమానంలో గంటల తరబడి కదలకుండా కూర్చోవద్దు, నీళ్ళు బాగా తాగాలి. ఒక కాలి పిక్క వాచి నొప్పెడితే, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే, మాట తడబడితే, ఒక పక్క చెయ్యి పడిపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. తెల్లవారాక చూద్దామనకూడదు.

దీన్‌కు సంబంధించి మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్నలు మూడు. మసలాలు చెప్పవలసింది ఉలమాలు. మేము వైద్యం వైపు నుంచి తెలిసినంత చెబుతాం.

మొదటిది, ఈ మందు హలాలేనా? పాతకాలం నుంచి వస్తున్న ఒక రకం ఈస్ట్రోజన్‌ను కడుపుతో ఉన్న గుర్రాల మూత్రం నుంచి తీస్తారు. ప్రెమరిన్ అన్న పేరే అక్కడి నుంచి వచ్చింది. సందేహం ఉన్నవారు మందు మానుకోనక్కరలేదు. మొక్కల నుంచి తీసిన పదార్థంతో తయారయ్యే ఎస్ట్రడయోల్ ఉంది, శరీరంలో తయారయ్యేదానితో అది సరిగ్గా సమానం. డాక్టరును అడిగితే అది రాస్తారు. క్యాప్సూల్ తొడుగు జెలటిన్ మీద సందేహం ఉంటే అదీ అడగండి. అడగడం తప్పు కాదు.

రెండోది, రోజా. రోజుకొకసారి మాత్రను ఇఫ్తార్ తరువాతకో, సహరీకో మార్చుకోవచ్చు. చర్మం ద్వారా లోపలికి వెళ్ళే క్రీములు, పట్టీల వల్ల రోజా భంగం కాదని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1997లో జిద్దాలో తీర్మానించింది. లోపలి భాగంలో వాడే క్రీము విషయంలో మన హనఫీ ఉలమాల్లో భిన్నాభిప్రాయం ఉంది కాబట్టి దాన్ని రాత్రి వాడితే ఏ ఇబ్బందీ లేదు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. నెలసరి ఆగి ఏడాది దాటాక ఏ రక్తం కనిపించినా, ఒక్క చుక్కయినా, డాక్టరుకు చూపించాలి. హార్మోను కొత్తగా మొదలుపెట్టిన నెలల్లో కొద్దిగా కనిపించవచ్చు, అప్పుడూ డాక్టరుకు చెప్పాలి. అది హైజా, ఇస్తిహాజానా, నమాజు సంగతేమిటి అన్నది ఆలిమ్‌ను, ఆలిమాను అడగండి. కానీ మసలా అడిగి ఊరుకోకండి. అదే రోజు వైద్యం సంగతీ చూడండి. ఆ మరదలు మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. మరో ఏడాది చెప్పకపోయి ఉంటే ఏమయ్యేదో మేము ఊహించదలచుకోలేదు.

ఇప్పుడు దాతలకు మా విన్నపం. మేము పెద్ద ఆసుపత్రి కట్టమని అడగడం లేదు. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. రాజమహేంద్రవరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. డాక్టర్లు ఉన్నారు. అక్కడిదాకా మన ఆడపడుచులు వెళ్ళడానికి మూడు సాయాలు కావాలి.

ఒకటి, కాగితం. మా శిబిరానికి వచ్చే 35 ఏళ్ళు దాటిన ప్రతి మహిళకు ఒక ప్లాస్టిక్ ఫైలు, అందులో ఒక కార్డు ఇవ్వాలనుకుంటున్నాం. గర్భసంచి ఉందా, అండాశయాలు ఉన్నాయా, ఆపరేషన్ ఏ ఏడాది, ఎందుకు, ఇంట్లో క్యాన్సరు ఎవరికైనా వచ్చిందా, బీపీ ఎంత, ఏ మందులు వాడుతున్నారు. ఆపరేషన్ అయిన ఆసుపత్రి నుంచి డిశ్చార్జి కాగితం, ముక్క పరీక్ష రిపోర్టు అడిగి తెచ్చుకోవడం మన హక్కు. పాత కాగితాలు పోయినవారికి స్కానింగు చేయించి తెలుసుకోవచ్చు. ఈ ఫైలుకయ్యే ఖర్చు ఒక బిర్యానీ ప్లేటు ఖర్చు కూడా కాదు.

రెండు, పరీక్షల ఖర్చు. స్కానింగు, మామోగ్రామ్, అవసరమైతే ముక్క పరీక్ష. ఇవి పేద ఇంటికి భారం. జకాత్ సొమ్ము ఎప్పటిలాగే అర్హులకే చేరేలా కార్యవర్గం చూస్తుంది. మిగతావారికి సదఖా నిధి నుంచి ఇవ్వవచ్చు. ఒకటి మాత్రం స్పష్టంగా చెబుతున్నాం. ఈస్ట్రోజన్ మాత్రలు కొని పంచడానికి ఎవరూ డబ్బు ఇవ్వవద్దు. కళ్ళజోడు పంచినట్టు పంచే వస్తువు కాదిది. డాక్టరు చూసి రాశాక, ఆ మనిషి పేరు మీద కొనడానికి సాయం చేయండి.

మూడు, మగవాళ్ళ సాయం. ఇది డబ్బు సాయం కాదు. కువైట్ నుంచి, దుబాయ్ నుంచి ఫోనులోనే "డాక్టరు చెప్పాడుగా, తీయించేసుకో" అని ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. ప్రాణం మీదికి వచ్చిన పని కాకపోతే ఇంకో డాక్టరును అడగనివ్వండి. మందులతో తగ్గుతుందా, అండాశయాలు ఉంచుతారా అని అడగండి. ఇంట్లో అమ్మ, భార్య రాత్రిళ్ళు నిద్రపోవడం లేదని గమనిస్తే "వయసు మీద పడింది" అని నవ్వకుండా, డాక్టరు దగ్గరికి మీరే తీసుకెళ్ళండి.

జుమా తరువాత పురుషులకు, ఆడవాళ్ళ ఇజ్తెమాలో మహిళలకు ఈ విషయం పది నిమిషాలు చెప్పడానికి మసీదు కమిటీలు అనుమతిస్తే, మా బృందంలోని డాక్టరమ్మలు రాజమండ్రి నుంచి రాజోలు దాకా ఎక్కడికైనా వస్తారు. వ్యాధిని ఇచ్చిన అల్లాహ్ దానికి మందునూ ఇచ్చాడని మన ప్రవక్త (సఅసం) బోధించారు. ఆ మందు ఎవరికి, ఎంత, ఎప్పటిదాకా అని తెలుసుకుని వాడడం మన పని.

ఇంటికి వెళ్ళాక ఈ రాత్రే బీరువాలో వెతకండి. మీ ఇంట్లో ఎవరికైనా గర్భసంచి ఆపరేషన్ అయి ఉంటే ఆ కాగితం ఉందేమో చూడండి. ఉంటే ఫైలులో పెట్టండి. లేకపోతే వచ్చే శిబిరానికి ఆమెను తీసుకురండి.

అల్లాహ్ మన తల్లులకు, అక్కచెల్లెళ్ళకు, ఆడబిడ్డలకు ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక. దాతల సంపాదనలో బరకత్ కలిగించుగాక. ఆమీన్.